ఐదు వారాల ఆట... ఐదేళ్ళ ఆట

రిలీజు డేటు ముందు వేసేసి, "ఎన్నాళ్ళు పడుతుంది?" అని తర్వాత అడిగే మేనేజర్లు మనందరికీ తెలిసినవాళ్ళే :) ఈ జబ్బు మన సర్వీసు కంపెనీల్లోనే పుట్టిందనుకునేవాణ్ణి. కాదండోయ్, 1982 నాటికే వీడియో గేముల్లో బాగా ముదిరిపోయింది.

ఆ ఏడాది వేసవిలో స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' విరగబడి ఆడింది. దాన్ని గేముగా తీసుకొచ్చే హక్కులకి అటారీ కంపెనీ రెండు కోట్ల డాలర్లకి పైనే పెట్టిందంటారు. బేరం తెమిలేసరికి జూలై నెలాఖరు. క్రిస్మస్‌కి కొట్లలో ఉండాలంటే సెప్టెంబరు 1కల్లా గేము చేతికి రావాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరు ఐదు వారాల్లో కోడు రాసిచ్చాడు. అటారీ 2600లో ర్యామ్ ఎంతో తెలుసా? 128 బైట్లు. మెగాబైట్లు కాదు, ఉత్త బైట్లు! గేము బోర్లాపడింది. మిగిలిపోయిన కాసెట్లు కొన్నింటిని న్యూమెక్సికోలో ఒక చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా.

అంటే పేరుకి కోట్లు పోశారు, పనికి మాత్రం ఐదు వారాలిచ్చారన్నమాట.

ఇప్పుడు నలభై ఏళ్ళు ముందుకి రండి. యాక్టివిజన్‌ని మైక్రోసాఫ్ట్ కొనడంమీద 2023లో అమెరికా కోర్టులో కేసు నడిచింది. సోనీ ఇచ్చిన కాగితాల్లో రహస్యమైన అంకెలమీద నల్ల స్కెచ్ పెన్నుతో గీశారు. తీరా స్కాన్ చేస్తే కిందివన్నీ కనబడిపోయాయి! 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'కి 22 కోట్ల డాలర్లు, పని జోరుగా ఉన్నప్పుడు సుమారు 200 మంది. 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కి 21.2 కోట్ల డాలర్లు, 300 మంది, ఐదేళ్ళు.

మిషన్లు ఇంత వేగమయ్యాక పని తగ్గాలి కదా అంటారా? మిషను వేగం పెరిగింది బొమ్మ చూపించడంలో, బొమ్మ తయారుచెయ్యడంలో అంతగా కాదు. అటారీ రోజుల్లో హీరో అంటే నాలుగు చుక్కలు. ప్రోగ్రామరే గీసేవాడు, చప్పుళ్ళూ తనే పెట్టేవాడు. ఇప్పుడు మొహంలో ముడతలు, తడిసిన చొక్కా, గోడమీద పెచ్చులు... ప్రతిదానికీ ఎవరో ఒకరు కూర్చోవాలి. ఖర్చులో సింహభాగం ఆ జీతాలే. గేము ధరేమో 2005 ప్రాంతంలో 60 డాలర్లు, 2020 తర్వాత 70. మధ్యలో తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొంత మనుషుల నిద్రలోంచి వచ్చింది. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగి తాలూకు ఆవిడ ఒకరు, వారానికి ఎనభై గంటలు దాటిన పని గురించి పేరు చెప్పకుండా బ్లాగులో రాస్తే పరిశ్రమంతా గగ్గోలెత్తింది. ఓవర్‌టైము కేసుల్ని ఆ కంపెనీ 2005, 2006లలో మొత్తం మూడు కోట్ల డాలర్లు ఇచ్చి తెంచుకుంది.

పోనీ, ఏళ్ళూ కోట్లూ పోస్తే గ్యారంటీ ఉందా? సోనీ 'కాంకార్డ్' 2024 ఆగస్టు 23న వచ్చింది. సెప్టెంబరు 6న ఆపేసి, కొన్నవాళ్ళకి డబ్బులు వాపసిచ్చారు. అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేస్తున్నట్టు చెప్పారు. పందెం ఇంత పెద్దదైనప్పుడు కొత్త ఆలోచన చేసే ధైర్యం ఎవరికుంటుంది? పైన అంకెలిచ్చిన రెండు గేములూ సీక్వెల్సే, గమనించారా?

ఇంకోపక్క ఎరిక్ బరోన్ అనే కుర్రాడు ఒక్కడే నాలుగేళ్ళకి పైగా కూర్చుని, 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే పొలం పనుల గేము చేశాడు. 2016లో వచ్చింది. 2024 చివరికి 4 కోట్ల కాపీలు దాటాయి. అందరికీ అలా తగులుతుందని కాదు. కానీ ఆట ఎంతుండాలో, ఎప్పుడు అయిపోయినట్టో తేల్చుకున్నది పనిచేసినవాడే.

మిషను పెద్దదైందని ఆట కూడా అంత పెద్దదవ్వాలని రూలేమీ లేదు. ఎంత చెయ్యాలన్నది మన చేతిలోనే ఉంది. వార్షాకి దొరకనిదీ, బరోన్‌కి దొరికిందీ అదే. సోమవారం ప్లానింగు మీటింగులో ఒక్కసారి గుర్తుచేసి చూడండి. ఏమంటారో మరి :)