బండిమీద వచ్చిన పాఠశాల

విశ్వవిద్యాలయమునకు మూడు విధులు గలవు: బోధన, పరిశోధన, విస్తరణ. గోడల లోపల పెంపొందిన విజ్ఞానమును గోడల వెలుపలనున్న జనులకు అందించుటయే విస్తరణ. ఈ ప్రయత్నమునకు ఇంగ్లండులో 1873లో ఒక రూపమేర్పడెను. ఆ యేడు జేమ్స్ స్టూవర్టు అను అధ్యాపకుని ప్రోద్బలమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నాటింగ్‌హాము, డెర్బీ, లీస్టరు పట్టణములకు ఉపన్యాసకులను పంపెను. కాని ఉపన్యాసము వినుటకై తానుగా వచ్చు పట్టణవాసి వేరు, తీరిక లేక నాగలి పట్టుకొని తిరుగు పల్లెవాసి వేరు. ఆ పల్లెవాసికి బోధించుట ఒక వృత్తిగా ఎట్లు ఆరంభమైనదో తెలిసికొనుటకు అమెరికా దక్షిణ రాష్ట్రముల చరిత్రను చూడవలెను.

అమెరికాలో వ్యవసాయ కళాశాలలకు కొరత లేకుండెను. 1862 నాటి చట్టము వానికి భూదానము చేసెను. 1887 నాటి చట్టము పరిశోధన కేంద్రములను జోడించెను. పరిశోధన ఫలితములు కరపత్రములుగా వెలువడుచుండెను. ఐనను అనేక గ్రామములలో సేద్యము మారలేదు. చదువురాని రైతునకు కరపత్రము నిరుపయోగము. చదువు వచ్చినవానికిని ఒక భయము గలదు. శాస్త్రజ్ఞుని మాట తప్పినచో శాస్త్రజ్ఞుని జీతము పోదు. రైతు ఇంట సంవత్సరపు తిండి పోవును.

ఈ చిక్కును విప్పినవాడు సీమన్ నాప్. 1833లో జన్మించిన ఈయన అయోవా వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడుగాను, అధ్యక్షుడుగాను పనిచేసి, పెద్ద వయస్సున ప్రభుత్వ వ్యవసాయశాఖ కొలువులో చేరెను. ప్రభుత్వ ధనముతో నడచు నమూనా క్షేత్రములు రైతులను కదలింపజాలవని ఆయన అనుభవమున గ్రహించెను. అందుచే 1903లో టెక్సాసులోని టెరెల్ పట్టణము చెంత వాల్టర్ పోర్టరు అను రైతు సొంత పొలములో 70 ఎకరములు ప్రదర్శనకు ఏర్పాటయ్యెను. సేద్యము చేయువాడు పోర్టరే. నాప్ చెప్పిన పద్ధతిని పాటించుట అతని పూచీ. నష్టము వచ్చినచో పూడ్చుటకు ఊరివారు ఒక నిధి కూర్చిరి. ఏడాది చివర ఆ నిధిని ముట్టవలసిన అవసరము కలుగలేదు. పాత పద్ధతిలో వచ్చుదానికంటె సుమారు 700 డాలర్లు అధికముగా వచ్చెను. తమవంటి రైతు తన చేతులతో సాధించినదానిని ఇరుగుపొరుగువారు కాదనలేకపోయిరి.

అదే కాలమున పత్తికాయ ముక్కుపురుగు టెక్సాసును పీడించుచుండెను. ఆడపురుగు పత్తి మొగ్గలకును కాయలకును రంధ్రములు చేసి గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోపలి భాగమును తినివేయును. త్వరగా కాపునకు వచ్చు విత్తనమును ముందుగా నాటుట, తరచుగా అంతరకృషి చేయుట, పంట తీసిన వెంటనే మోళ్లను తగులబెట్టుట నాటి ముఖ్యోపాయములు. ఇవి ఒక్కడు చేసిన చాలవు, ఊరంతయు చేయవలెను. కావున 1904 నుండి నాప్ పద్ధతి విరివిగా వ్యాపించెను. 1906 నవంబరులో టెక్సాసులోని స్మిత్ కౌంటీకి స్టాలింగ్సు అను ఉద్యోగి నియమింపబడెను. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఒక్క కౌంటీకే పరిమితమైన వ్యవసాయ బోధకుడు ఏర్పడుట అదియే మొదలు.

అదే నెలలో అలబామా రాష్ట్రమున మరొక నియామకము జరిగెను. అచ్చట టస్కీజీ గ్రామమున బుకర్ టి. వాషింగ్టన్ 1881లో ప్రారంభించిన నల్లజాతివారి విద్యాలయము కలదు. శాస్త్రజ్ఞుడు జార్జి వాషింగ్టన్ కార్వరు 1896లో అందు చేరి, పేదరైతునకు పనికివచ్చు విషయములను తేలిక మాటలలో కరపత్రములుగా వ్రాయుచుండెను. పాఠశాలకు రాలేని రైతు చెంతకు పాఠశాలయే పోవలెనని వారు తలచిరి. న్యూయార్కు ధనికుడు మారిస్ జెసప్ ఇచ్చిన విరాళముతో 1906 మే నెలలో ఒక బండి బయలుదేరెను. కంచరగాడిదలు లాగు ఆ బండిలో నాగళ్లు, విత్తనములు, ఎరువులు, వెన్న తీయు సాధనము ఉండెడివి.

ఆ బండితో గ్రామములు తిరుగుటకు నాప్ ఎన్నుకొన్నవాడు టామస్ మన్రో కాంబెల్. జార్జియా రాష్ట్రమున 1883లో పేద కుటుంబమున పుట్టి, 1899లో టస్కీజీ చేరి, పనిచేయుచు చదువుకొన్నవాడు. ప్రభుత్వ విస్తరణ సేవలో నియమింపబడిన మొదటి నల్లజాతి ఉద్యోగి ఇతడే. ఇతని పని మాటలతో తీరునది కాదు. నాగలి పట్టి చాళ్లు తీసి చూపవలెను. విత్తనమును ఏరి చూపవలెను. రైతులలో అనేకులు కౌలుదారులు. అప్పిచ్చువారు పత్తినే పండించుమనిరి. కావున రైతు మనస్సుతో పాటు భూస్వామి అనుమతియు కావలసి వచ్చెను. జాతిభేదము రాజ్యమేలు సీమలో నల్లజాతి బోధకునకు ఇది సులభ కార్యము కాదు.

1914 మే 8న స్మిత్-లీవర్ చట్టము వచ్చెను. దానివలన ఈ బోధకులు వ్యవసాయ కళాశాలల ఉద్యోగులైరి; కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు వ్యయము పంచుకొనెను. కాని రెండు కళాశాలలున్న రాష్ట్రములలో సొమ్ము దేనికి చెందవలెనో శాసనసభలే నిర్ణయింపవలెనని అందు గలదు. దక్షిణమున ఆ సొమ్ము శ్వేతజాతి కళాశాలలకే పోయెను. నల్లజాతి కళాశాలలకు విస్తరణ నిధులు చట్టరీత్యా నేరుగా లభించుటకు 1977 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఐనను బండి ఆగలేదు. 1918లో దాని స్థానమున మోటారు వాహనము వచ్చెను. 1920లో ఒక నర్సు చేరి శిశుపోషణ, పారిశుద్ధ్యము బోధించెను. 1923లో మరింత పెద్ద వాహనము కావలసినపుడు నల్లజాతి రైతులే చందాలు పోగుచేసిరి. పూటకు లేని రైతు తన పాఠశాలకు తానే మూల్యమిచ్చెను. ఏ పరీక్షయు ఇంతకంటె గొప్ప పట్టమును ఒక బోధకునకు ఈయజాలదు. కాంబెల్ 1953 వరకు ఆ సేవలోనే యుండెను.

తెలుగుదేశమునకు ఈ సంప్రదాయముతో సంబంధము కలదు. 1964లో రాజేంద్రనగరమున నెలకొన్న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము అమెరికా పద్ధతిలో బోధన, పరిశోధన, విస్తరణలను ఒక్కచోట చేర్చెను; కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము అందులకు తోడ్పడెను. 2014 తరువాత ఆ వారసత్వము రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములకు సంక్రమించెను. పట్టా చేతబట్టి పల్లెకు పోవు యువ బోధకునకు నేడు బండి బదులు చేతిలో ఫోను ఉండవచ్చును. కాని మొదటి రైతు అడుగు ప్రశ్న మారలేదు: ఇది తప్పినచో నష్టమెవరిది? ఆ ప్రశ్నకు పొలములో నిలిచి సమాధానము చెప్పగలిగిన దినముననే అతని వృత్తి నిజముగా ఆరంభమగును.