సర్కస్ మృగరాజులకు శాశ్వత నివాసం
విశాఖపట్నం, తిరుపతి జంతు పునరావాస కేంద్రాల సేవలు

సర్కస్ డేరాలో మండుతున్న చక్రంలోంచి దూకే సింహాన్ని చూసి చప్పట్లు కొట్టని వారు ఒకప్పుడు తెలుగునాట అరుదు. మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు సొంతంగా సర్కస్ నడిపిన ఉత్తరాంధ్రలో ఈ వినోదానికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. అయితే ఆట ముగిసిన తరువాత ఆ మృగం గడిపే జీవితం ప్రేక్షకుల కంటపడేది కాదు. నాలుగడుగులు వేయడానికి చోటులేని ఇనుప బోను, ఊరి నుంచి ఊరికి లారీ ప్రయాణం, శిక్షకుని కొరడా దాని నిత్యజీవితం. అటువంటి సింహాలు, పులులు శేషజీవితాన్ని ప్రశాంతంగా గడిపేందుకు ఏర్పాటైనవే విశాఖపట్నం, తిరుపతిలలోని జంతు పునరావాస కేంద్రాలు.

చట్టం కల్పించిన విముక్తి

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 22వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం 1998 అక్టోబరు 14న ఒక నోటిఫికేషన్ జారీ చేసింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహం - ఈ ఐదు జాతులకు శిక్షణ ఇచ్చి ప్రదర్శించడాన్ని దాని ద్వారా నిషేధించింది. సర్కస్ యాజమాన్యాలు న్యాయస్థానాలను ఆశ్రయించగా, 2000 సంవత్సరంలో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించాయి. 2011లో ఎద్దులను కూడా ఈ జాబితాలో చేర్చారు.

నిషేధం అమలులోకి రావడంతో సర్కస్ కంపెనీల వద్దనున్న మృగాల పోషణ పెద్ద సమస్యగా మారింది. ఆట లేనిదే ఆదాయం లేదు. ఆదాయం లేనిదే వాటికి మాంసం లేదు. ఈ పరిస్థితిలో, 1992లో ఏర్పడిన కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ (సెంట్రల్ జూ అథారిటీ) దేశంలోని పలు చోట్ల పునరావాస కేంద్రాల స్థాపనకు పూనుకున్నది. చెన్నై, బెంగళూరు, భోపాల్, జైపూర్ తదితర నగరాలతో పాటు విశాఖపట్నం, తిరుపతిలకు కూడా ఈ కేంద్రాలు మంజూరయ్యాయి. కంబాలకొండ అడవుల అంచున ఉన్న ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు అనుబంధంగా ముడసర్లోవ వద్ద ఒకటి, శేషాచలం కొండల పాదాన ఉన్న శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో మరొకటి నెలకొన్నాయి.

అడవికి ఎందుకు పంపరాదు?

విడిపించిన మృగాలను అడవిలో వదిలివేయవచ్చు కదా అన్న సందేహం సహజం. బోనులో పుట్టి పెరిగిన సింహానికి వేటాడడం తెలియదు. తల్లి వెంట తిరిగి నేర్చుకోవలసిన విద్య అది. మనిషిని చూసి తొలగిపోవాలన్న భయం కూడా దానికి ఉండదు. ఆకలి వేస్తే అది గ్రామాల వైపే వస్తుంది. పైగా సర్కస్ సింహాలలో అధిక భాగం ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. ఆసియా సింహాలు సహజ వాతావరణంలో మిగిలి ఉన్నది గుజరాత్‌లో గిర్, దాని పరిసర ప్రాంతాలలో మాత్రమే. 2025 గణన ప్రకారం వాటి సంఖ్య 891. ఆ జాతి స్వచ్ఛతను కాపాడవలసి ఉన్నందున సంకర సింహాలను అడవిలో వదలరాదు, వాటి సంతతిని వృద్ధి చేయరాదు. అందుచేత వాటికి పునరావాస కేంద్రమే చివరి మజిలీ.

సంరక్షణ విధానం

ప్రదర్శనశాలలో సందర్శకుల కోసం జంతువు ఉంటుంది. పునరావాస కేంద్రంలో జంతువు కోసమే కేంద్రం ఉంటుంది. కాబట్టి ఇక్కడ ప్రదర్శనకు ప్రాధాన్యం లేదు. పగలు చెట్ల నీడలో ఆరుబయట తిరిగేందుకు ఆవరణ, రాత్రి విశ్రాంతికి విడి గదులు ఉంటాయి. ఆహారంగా పశుమాంసం ఇస్తారు. జీర్ణశక్తి దెబ్బతినకుండా వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచుతారు. దంతాలు అరిగిన వాటికి ఎముకలు తీసిన మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి అందిస్తారు. వృద్ధ మృగాలకు కీళ్ల వాపు, కంటి శుక్లాలు, గోళ్లు పెరిగి పాదంలోకి గుచ్చుకోవడం వంటి బాధలు సాధారణం. చికిత్స చేయవలసినప్పుడు పక్క గోడ జరిగే ప్రత్యేకమైన బోనులోకి మళ్లించి, మత్తుమందు అవసరం లేకుండానే పశువైద్యులు సూదిమందు ఇస్తారు. ఏళ్ల తరబడి అన్నం పెట్టే సంరక్షకుని గొంతు గుర్తుపట్టి కటకటాల వద్దకు వచ్చే సింహం, అతడు పెట్టింది ముట్టలేదంటే అదే అనారోగ్యానికి తొలి సూచన.

ఖాళీ కావడమే విజయం

అడవిలో సింహం ఆయుర్దాయం సుమారు 12 నుంచి 16 ఏళ్లు. సంరక్షణలో 20 ఏళ్లు దాటి జీవించేవి ఉన్నాయి. 2001 తరువాత సర్కస్‌ల నుంచి వచ్చిన తొలితరం మృగాలలో అత్యధికం వృద్ధాప్యంతో తనువు చాలించాయి. సంతానం వద్దన్నది విధానం కనుక వాటి స్థానంలో మరొక తరం రాకూడదు. ఏ ఇతర ప్రభుత్వ సంస్థకైనా పెరుగుదల ప్రగతికి చిహ్నం. ఈ కేంద్రాలలో మాత్రం ఒక్కొక్క ఆవరణ ఖాళీ కావడమే ఆశయసిద్ధి. ఆదాయం గాని, సంతతి గాని ఆశించకుండా ఒక మూగప్రాణిని చివరి శ్వాస వరకు పోషించడం సమాజం తీర్చుకుంటున్న రుణం.

అయితే మృగాలకు ఆశ్రయం అవసరం తీరిపోలేదు. 2023లో తిరుమల నడకదారి పరిసరాలలో బంధించిన చిరుతపులులలో కొన్నింటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకే తరలించారు. జంతు ప్రదర్శనశాలలు అమలు చేస్తున్న దత్తత పథకం ద్వారా వ్యక్తులు, సంస్థలు మృగాల పోషణ వ్యయాన్ని భరించే అవకాశం ఉంది. వన్యప్రాణులతో వినోద ప్రదర్శనలు ఎక్కడ కనిపించినా అటవీ అధికారులకు తెలియజేయడం పౌరులందరి బాధ్యత. ఆనాడు డేరాలో మోగిన చప్పట్లకు ఈనాడు చేయదగిన ప్రాయశ్చిత్తం అదే.