ఊపిరిత్రోవ కథ

108 వాహనము మన తెలుగునాట 2005లో మొదలైనది. అట్టి బండిలో వచ్చువారు స్పృహలేని రోగియందు తప్పక చూచునది ఊపిరిత్రోవ. నాలుక వెనుకకు జారెనా, అది మూసికొనిపోవును. కొలది నిమిషములలో మెదడు చెడును. ఆ త్రోవను తెరచియుంచు సాధనముల చరిత్రమును నేడు చెప్పదలచితిని.

నా బాల్యమున మా వీథిలో నొక పసివాడు కంఠసర్పిచే ఊపిరాడక తల్లి యొడిలోనే కన్నుమూసెను. చుట్టును పదిమంది పెద్దలుండియు నేమియు చేయజాలకపోయిరి. అందుచే జోసెఫ్ ఓడ్వయరు అను వైద్యునియందు నాకు మిక్కిలి గౌరవము.

ఆయన దిక్కులేని శిశువులను పెంచు న్యూయార్కు వైద్యశాలలో పనిచేసెను. కంఠసర్పి పట్టినవారికి మెడ కోసి గొట్టము పెట్టినను అచ్చట బ్రదికినవారు అరుదు. అంతకు పూర్వమే, 1858లో, పారిసునందు బూషూ అను వైద్యుడు నోటిగుండ చిన్న గొట్టమును స్వరపేటికలో నిలుపవచ్చునని చెప్పగా పండితసభ త్రోసివేసెను. (పండితసభలు పొరబడవని నేననను, నేనును పండితుడనే!) ఓడ్వయరు మృతశిశువుల కంఠములను పరీక్షించి, గొట్టముల రూపమును మరల మరల మార్చి, 1885లో తన పద్ధతిని ప్రకటించెను. గొట్టమును కన్నుతో చూచి కాదు, వ్రేలితో తడవి దించవలసియుండెను. 1878లో గ్లాస్గో నగరమున మెకీవెను శస్త్రచికిత్సకై చేసినదియు నట్లే.

అద్దములతో తన స్వరపేటికను తానే చూచుకొన్నవాడు మాన్యుయెల్ గార్సియా. 1854 నాటి మాట. ఆయన వైద్యుడు కాడు, సంగీతోపాధ్యాయుడు! 1895లో బెర్లినునందు కిర్‌స్టైను అద్దము లేకయే నేరుగ చూచెను. 1943లో ఆక్స్‌ఫర్డున మెకింటోషు చేసిన వంపు పలక నేటికిని వాడుకలోనున్నది.

అయినను, చీకటిలో బాటప్రక్క మోకరిల్లి ఆ పని చేయుట సులభమా? గొట్టము దారితప్పి అన్ననాళమున పడినచో గాలి కడుపునకు పోవును. 1981లో లండనునందు ఆర్చీ బ్రెయిను శ్వాసనాళములోనికి చొరక దాని వాకిటనే ఆనుకొని కూర్చుండు మాస్కును కల్పించెను. ఐ-జెల్ అను సాధనము ఆ వంశమునదే.

ఏది మేలు? ఇంగ్లండులో గుండె ఆగిన 9,296 మందియందు పారామెడిక్కులు రెండింటిని పోల్చిరి. 2018లో ఫలితము వెలువడెను. రెండు ప్రయత్నములలోపల గాలి చేరినది ఐ-జెల్‌తో నూటికి 87 మందికి, గొట్టముతో 79 మందికి. కాని బాగుగ కోలుకొన్నవారు వరుసగ 6.4, 6.8, భేదము లేనట్లే. అదే యేడు అమెరికాలో 3,004 మందియందు, స్వరపేటిక వెనుక నిలుచు మరియొక గొట్టముతో మూడు దినములు బ్రదికినవారు నూటికి 18.3, శ్వాసనాళపు గొట్టముతో 15.4.

దీనినిబట్టి పాతదానిని పారవేయుమని నేననజాలను. వాంతి పొంగివచ్చు రోగికి, గొంతు కాలి వాచినవానికి శ్వాసనాళములోని గొట్టమే గట్టి రక్ష. ఏది పెట్టినను, వెలికివచ్చు ఊపిరిలో బొగ్గుపులుసుగాలిని కొలుచు యంత్రమును తగిలించి చూతురు. గాలి చేరవలసినచోటికే చేరెనని దానివలన తెలియును.