పెద్దప్రేగు కంతి – ఒక మాంసకృత్తు కథ

పెద్దప్రేగులో కాన్సరు ఒక్కనాటితో పుట్టేది కాదు. ముందుగా లోపలి పొరపై పులిపిరి వంటి చిన్న కంతి మొలుస్తుంది. అది ముదిరి కాన్సరు కావడానికి సాధారణంగా పది సంవత్సరాలో, అంతకు మించిన కాలమో పడుతుంది. ఈ నడిమి కాలంలో పట్టుకొంటే కంతిని తీసివేసి ఆపదను తప్పించవచ్చు. అయితే ఏ నొప్పీ ఎరుగని మనిషికి లోపల కంతి ఉన్నదని తెలిసేదెట్లా? రక్తంలో దాని జాడ చిక్కుతుందా?

1965వ సంవత్సరంలో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్య శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితం ఈ ఆశను రేకెత్తించింది. కాన్సరుకే ప్రత్యేకమైన పదార్థం కోసం వెదకేవారికి అంతవరకు ఒక చిక్కు ఉండేది. ఒకరి కంతిని మరొకరి చెడని కణజాలంతో పోల్చితే, కనబడిన భేదం వ్యాధి వల్లనా, మనిషికీ మనిషికీ సహజంగా ఉండే తేడా వల్లనా తేలదు. పెద్దప్రేగును ఎన్నుకోవడంలోనే వీరి తెలివి ఉన్నది. శస్త్రచికిత్సలో కోసి తీసిన ముక్కలో కంతీ, దానికి కొంత దూరంలో చెడని ప్రేగూ రెండూ ఒకే రోగివి. కంతి సారాన్ని కుందేళ్ళకు ఎక్కించారు. వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను చెడని ప్రేగు సారంతో కలిపి, దానికి అంటుకొనేవాటిని తొలగించారు. మిగిలినవి కంతికి మాత్రమే అంటుకొన్నాయి. అదే పదార్థం మొదటి ఆరు నెలల లోపు పిండపు ప్రేగులలోనూ కనిపించింది. అందువల్ల దానికి కార్సినోఎంబ్రియానిక్ ఆంటిజెన్, పొట్టిగా సి.ఇ.ఎ. అని పేరు వచ్చింది. కాన్సరుకూ పిండానికీ చెందిన ప్రతిజనకమని దాని అర్థం. చక్కెరలు మెండుగా అతికి ఉన్న మాంసకృత్తు అది.

1969లో రక్తంలో దీనిని కొలిచే పద్ధతి వచ్చింది. పెద్దప్రేగు కాన్సరు రోగులు 36 మందిలో 35 మందికి ఇది బయటపడింది! కాని ఆ సంబరం నిలువలేదు. పొగత్రాగేవారిలోనూ, కాలేయవ్యాధి గలవారిలోనూ అది పెరుగుతుందనీ, తొలిదశ రోగులలో చాలమందికి పెరుగనే పెరుగదనీ తరువాత తెలిసింది. కారణం విచారించదగినది. ఆరోగ్యకరమైన ప్రేగు కణం కూడ దీనిని కొద్దిగా తయారు చేస్తుంది. ఐతే ప్రేగు లోపలి వైపునకే విడుస్తుంది గనుక మలంతో పోతుంది. కంతి కణాలు తీరు తప్పి గోడలోనికి చొచ్చుకొన్న తరువాతనే రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. అనగా తొలి కబురు తేవలసిన దూత ఇల్లు అంటుకొన్నాక వస్తున్నాడన్నమాట. శస్త్రచికిత్స అనంతరం వ్యాధి తిరుగబెట్టిందేమో కనిపెట్టడానికి మాత్రం ఈ పరీక్ష నేటికీ వాడుకలో ఉన్నది.

తొలిదశ మర్మం కణం లోపల దొరికింది. 1991లో ఎ.పి.సి. అనే జన్యువును గుర్తించారు. దాని మాంసకృత్తు బీటా-కాటెనిన్ అనే మరొకదానిని పట్టుకొంటుందని 1993లో తేలింది. మితిమీరిన బీటా-కాటెనిన్‌ను నాశనం చేయించడం దాని పని. జన్యువు చెడితే బీటా-కాటెనిన్ పోగుపడి, కేంద్రకంలో ప్రవేశించి, కణాన్ని విభజనకు పురికొల్పుతుంది. చిన్న కంతులలో కూడ ఈ మార్పు కానవస్తుంది. పి-53 అనే మాంసకృత్తు పోగుపడడం సాధారణంగా కంతి కాన్సరుగా మారే వేళకు గాని కనిపించదు. ఐనా ఇవి కంతి ముక్కను తీసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచినప్పుడే తెలిసేవి.

కంతి ఉన్నదేమోనని ముందుగా అనుమానించడానికి నేడు అనేక దేశాలలో వెదకుతున్నది అసలు కంతి మాంసకృత్తును కాదు. కంటికి ఆననంత కొద్దిగా మలంలో కలిసే నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను. దానిని పట్టి ఇచ్చేవి మాత్రం మళ్ళీ ప్రతిరక్షకాలే.