డెట్రాయిట్ ఖాళీ జాగాలు మనకు చెప్పే మాట

అమెరికాలో కార్ల తయారీకి పేరుపడ్డ డెట్రాయిట్ నగరం చరిత్ర మన సంఘాలకూ పనికొస్తుందని రాస్తున్నాం.

1894లో అక్కడ పనుల్లేక పేదలు పస్తులున్నారు. మేయర్ హేజెన్ పింగ్రీ ఖాళీ స్థలాలు ఇప్పించి ఆలుగడ్డలు వేయించాడు. చాలామంది నవ్వారు. ఆయన ఖర్చులకు తన గుర్రాన్నే అమ్మాడు. పంట చేతికొచ్చాక వేరే నగరాలూ అదే దారి పట్టాయి.

1950లో ఆ ఊళ్లో 18 లక్షలకు పైగా జనం. తర్వాత ఫ్యాక్టరీలు తరలిపోయాయి, ఉన్నోళ్లు శివార్లకు వెళ్లిపోయారు. 2010 నాటికి 7 లక్షల చిల్లర మిగిలారు. ఇళ్లు కూలిన జాగాల్లో చెత్త పేరుకుంది.

దక్షిణాది పల్లెల నుంచి వలసొచ్చిన నల్లజాతి పెద్దోళ్లకు సేద్యం తెలుసు. వాళ్లు ఆ జాగాలు బాగుచేసి కూరగాయలు వేశారు. 1992లో 77 ఏళ్ల గ్రేస్ లీ బాగ్స్ అనే ఆమె, భర్త, తోటివాళ్లు కలిసి 'డెట్రాయిట్ సమ్మర్' మొదలుపెట్టి, పిల్లల్ని తోటపనిలో దింపారు.

కానీ చాలా తోటల కింద భూమి వాళ్లది కాదు. 2013లో నగరం దివాలా తీసింది. అదే ఏడాది ఊళ్లో సాగును చట్టం ఒప్పుకుంది. సాగుకు ఒప్పుకుంది గానీ, జాగా మీద హక్కు ఇవ్వలేదు.

మనం ఎత్తిపోసిన చెత్త కిందే రేపు రేటున్న జాగా బయటపడుతుంది. అందుకే పార పట్టకముందే, ఎన్నేళ్లకు ఇస్తారో సంఘం పేరున కాగితం రాయించుకుందాం. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, అందరం సంతకాలు పెడదాం.