జలవిద్యుత్ టర్బైనుల స్థిరత: మాచ్‌ఖండ్–సీలేరు చరిత్ర

ఎండ ననుసరించి సౌరవిద్యుత్తును, గాలి ననుసరించి పవనవిద్యుత్తును హెచ్చుతగ్గులు పొందుచుండగా, ఆ భేదమును పూరించుటకై తన భారమును మాటిమాటికి మార్చుకొనుచును, అధికముగా కంపింపక, నియతవేగమును వీడక జలయంత్రము నడువగల శక్తిని టర్బైను స్థిరత యందురు. ఆంధ్రదేశమున ఈ విషయముతో గాఢసంబంధము గలది విశాఖ మన్యము.

నదీస్థానము: చోడవరము, బుచ్చయ్యపేట గ్రామములనుండి ఉత్తరముగా చూచినచో కనబడు మాడుగుల కొండలు రెండు నదీక్షేత్రములకు పొలిమేర. తూర్పువాలున బుట్టిన ఏరులు శారదానదిని జేరి అనకాపల్లి ప్రాంతపు చెరకుతోటలను తడుపును. మాచ్‌ఖండ్ నదియు ఈ కొండలయందే జన్మించి, ఉత్తరాభిముఖముగా సాగి, డుడుమవద్ద మహాజలపాతమై దుమికి, అనంతరము దక్షిణమునకు మరలి సీలేరను పేర శబరితో కలిసి గోదావరిని జేరుచున్నది.

మాచ్‌ఖండ్ యుగము: డుడుమ జలపాతశక్తిని వినియోగించుటకు మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు 1940వ దశకమున ఒడంబడిక చేసికొనెను. జోలాపుట్టువద్ద నీటిని నిలువచేయుటకు ఆనకట్ట నిర్మింపబడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరింపగా మద్రాసు పక్షమున నున్న హక్కులు దానికి సంక్రమించెను. 1955లో విద్యుత్కేంద్రము ప్రారంభమయ్యెను. మూడు చిన్నవి, మూడు పెద్దవి యైన ఆరు యంత్రములతో దాని సామర్థ్యము క్రమముగా సుమారు 120 మెగావాట్లయ్యెను. ఉత్పత్తిలో ఆంధ్రకు నూటికి డెబ్బది, ఒరిస్సాకు ముప్పది వంతులు తొలి నిష్పత్తి. రహదారులైనను సరిగా లేని అడవులలో, మలేరియాకు పేరుపడిన కొండలలో ఆనాటి ఇంజనీర్లును కూలీలును సాధించిన ఈ కార్యము మిక్కిలి శ్లాఘనీయము. ఆ కాలపు ఆదర్శ మొక్కటే: యంత్రము నిండుభారముతో, ఒకే తీరున, నెలల తరబడి నడువవలెను.

సీలేరు శ్రేణి: సీలేరు నదిపై గల బలిమెల జలాశయపు నీటిని ఒడిశాతో సమముగా పంచుకొని, ఆంధ్రప్రదేశ్ తన భాగముతో దిగువున కేంద్రములను వరుసగా నిర్మించెను. ఎగువ సీలేరున తొలి రెండు యంత్రములు 1960వ దశకాంతమున, తక్కిన రెండు 1990వ దశకమున నెలకొల్పబడెను. మొత్తము 240 మెగావాట్లు. దిగువ సీలేరున నాలుగు యంత్రములతో 460, డొంకరాయివద్ద 25 మెగావాట్లు గలవు. పై కేంద్రము విడిచిన నీరే క్రింది కేంద్రమునకు ఆధారమగుటచేత, ఒకచోట భారము మార్చినచో దాని ఫలితము దిగువ జలాశయముల మట్టముపై పడును.

అస్థిరతకు కారణములు: 1849లో జేమ్స్ ఫ్రాన్సిస్ అమెరికాలో తీర్చిదిద్దిన ఫ్రాన్సిస్ టర్బైనే నేడు లోకమున విస్తృతవ్యాప్తి గలది. నిండుభారమున నీరు రన్నరు (టర్బైను తిరుగుచక్రము) నుండి ఇంచుమించు నిటారుగా దిగిపోవును. భారము సగమునకు తగ్గినపుడో, కవ్వమాడించిన కుండలో మజ్జిగవలె డ్రాఫ్ట్ ట్యూబులో (రన్నరు దిగువనున్న గొట్టములో) సుడి తిరుగును. మెలికపడిన ఆ సుడి రన్నరు వేగములో ఇంచుమించు నాల్గవ వంతునుండి మూడవ వంతు వరకు గల వేగముతో తిరుగుచు నీటి ఒత్తిడిని, తన్మూలమున విద్యుదుత్పత్తిని ఊగించును. దీనిని 1940లో ఇంజనీరు రైన్‌గన్స్ వివరించెను. ఇదిగాక, ఆపుట, ప్రారంభించుట తరచైనకొలది రన్నరు రెక్కలయందు లోహశ్రాంతి పెరిగి పగుళ్లు పుట్టును. రష్యాలోని సయానో–షుషెన్‌స్కయా కేంద్రమున 2009 ఆగస్టు 17న రెండవ యంత్రపు మూతను బిగించిన బోల్టులు లోహశ్రాంతిచే తెగిపోగా 75 మంది మరణించిరి. ఆ యంత్రము గ్రిడ్డు అవసరములకై, కంపము హెచ్చగు నిషిద్ధభారమండలమును పలుమార్లు దాటుచుండెను.

సౌరపవన కాలము: 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు దేశగ్రిడ్డుతో ఏకమయ్యెను. 2017లో కర్నూలు జిల్లాలో వేయి మెగావాట్ల సౌరపార్కు పూర్తియయ్యెను. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు ప్రధానమంత్రి పిలుపుపై దేశమంతట దీపము లార్పబడినపుడు గిరాకి 31,089 మెగావాట్లు పడిపోగా, జలవిద్యుత్కేంద్రములు సుమారు 17,500 మెగావాట్ల ఉత్పత్తిని నిమిషములలో తగ్గించి, మరల పెంచి గ్రిడ్డును నిలిపెను. జలయంత్రముల సత్త్వమునకు ఇంతకు మించిన నిదర్శనము దుర్లభము.

ఉపాయములు: సుడిలోనికి గాలిని పంపుట, డ్రాఫ్ట్ ట్యూబు గోడలకు రెక్కల నమర్చుట, వేగనియంత్రకములైన గవర్నరులను డిజిటల్ విధానమునకు మార్చుట, కంపనమాపకములతో నిషిద్ధమండలమును గుర్తించి దానిని శీఘ్రముగా దాటించుట పాత కేంద్రములకు అనువైనవి. నాగార్జునసాగరమున, శ్రీశైలము ఎడమగట్టున గల ఉభయవర్తన యంత్రములు నీటిని మరల పైకి తోడగలిగినను స్థిరవేగము గలవి. తోడునపుడు అవి గ్రహించు విద్యుత్తును హెచ్చుతగ్గులు చేయుట సాధ్యము కాదు. ఈ కొరత తీర్చు చరవేగ యంత్రములను 1990వ దశకారంభముననే జపాను వినియోగించెను. భారతదేశమున ఉత్తరాఖండములోని తెహ్రీయందు అట్టివి నాలుగు, ఒక్కొక్కటి 250 మెగావాట్లవి, నెలకొల్పబడినవి. సీలేరుపై గుంటవాడ, డొంకరాయి జలాశయములను జోడించి 1,350 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజి కేంద్రమును నిర్మింప రాష్ట్ర విద్యుదుత్పాదన సంస్థయైన ఏపీజెన్‌కో సంకల్పించినది.

నిండుభారమున నెన్ని మెగావాట్లు వచ్చునన్న దానితో మాచ్‌ఖండ్ నాటి యంత్రముల యోగ్యత నిర్ణయింపబడెను. ఇకపై నెలకొల్పు యంత్రములకు, ఏయే భారముల మధ్య అవి కంపము లేక నడువగలవన్నదియే ముఖ్యమైన కొలమానము.