నిమ్మలకుంట: ఉలి అంచు మీది చరిత్ర

ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీర గుర్తొస్తుంది. అదే మండలంలోని మా నిమ్మలకుంటకు పేరు తెచ్చింది మాత్రం మేకతోలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా మాది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఇంట్లో మరాఠీకి దగ్గరైన ఆరె మాట, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరాలుగా తోలుబొమ్మలు చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊరి గురించి రాసేవాళ్లు ఈ రెండు సంగతులూ తప్పకుండా రాస్తారు. బొమ్మ గురించి, ఆట గురించి కూడా రాస్తారు. ఆ బొమ్మను చెక్కిన ఉలి గురించి రాసినవాళ్లు అరుదు. ఈ పని ఎలా మారిందో, ఎలా నిలబడిందో తెలియాలంటే ఉలినే చూడాలని నా నమ్మకం.

ముందు తోలు సంగతి తెలియాలి. చెప్పుల తోలును పూర్వం తంగేడు చెక్క లాంటివాటితో శుద్ధి చేసి మెత్తబరిచేవారు. బొమ్మతోలు తీరు వేరు. నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, నలుదిక్కులా లాగి కట్టి ఎండబెడతారు. ఎండాక అది బిర్రుగా, గట్టిగా, వెలుగు దూరేంత పలుచగా తయారవుతుంది. ఈ గట్టిదనమే ఉలికి పరీక్ష. మొద్దు ఉలితో కొడితే తోలు తెగదు, చిరుగుతుంది. బెజ్జం చుట్టూ పీచు లేస్తుంది. రంగు వేసినప్పుడు ఆ పీచు తడిని పీల్చుకుని, రంగును గీత దాటించి పాకిస్తుంది.

ఒకప్పుడు అన్ని బొమ్మలకూ ఒకే తోలు కాదు. దేవతలకూ ఇతిహాస నాయకులకూ కృష్ణజింక తోలు, భీముడు, రావణుడి లాంటి వీరులకు దెబ్బకు ఆగే దుప్పి తోలు, మిగతా పాత్రలకు మేకతోలు వాడేవారు. పదితలల రావణుడికి కనీసం 4 తోళ్లు కావాలి. ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, అయిదేసి చేతుల వరుసకు ఒక్కొక్కటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింక, దుప్పి తోళ్ల కాలం ముగిసింది. ఇక అన్ని పాత్రలకూ మేకతోలే దిక్కయింది.

రెండో మార్పు వెలుగుది. రాత్రంతా సాగే ఆటకు తెర వెనక ఆముదం దీపాలు వెలిగేవి. ఆ తర్వాత పెట్రోమాక్సు, ఆ తర్వాత కరెంటు బల్బు వచ్చాయి. ఆట చూసేవాళ్లు తెరకు దూరంగా నేల మీద కూర్చునేవారు. రెపరెపలాడే దీపపు వెలుగులో, అంత దూరం నుంచి, కిరీటంలోని ఒక బెజ్జం కాస్త గరుకుగా ఉన్నా ఎవరి కంటా పడదు. సినిమా, టీవీ వచ్చి ఆటకు పిలుపులు తగ్గాక చాలా ఇళ్లు దీపపు గుమ్మటాల మీదా గోడకు తగిలించే బొమ్మల మీదా ఆధారపడ్డాయి. కొన్నవాళ్లు వాటిని ఇంట్లో పెట్టుకుని చేతికందేంత దగ్గర నుంచి చూస్తారు. గుమ్మటం లోపల బల్బు కదలకుండా వెలుగుతుంది. ప్రతి బెజ్జం అంచూ బయటపడుతుంది. చూసే కన్ను దగ్గరయ్యేకొద్దీ ఉలికి మరింత పదును కావాల్సి వచ్చింది. మా ఊరి పనిలో వచ్చిన పెద్ద మార్పు ఇదేనని నేను అనుకుంటాను.

ఉలిని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పట్నం దుకాణాల్లో దొరికే బెజ్జాల ఉలులు ఎక్కువగా చెప్పులు, బెల్టుల తోలు కోసం చేసినవి. వాటి గోడ మందం. మెత్తటి తోలులో అవి సాఫీగా దిగుతాయి. ఎండిన బొమ్మతోలులోకి మాత్రం మేకులా దిగబడి, పక్క తోలును నెట్టి పగులు తెస్తాయి. దీనికి గోడ పలుచగా, వాలు సన్నగా, పొడవుగా ఉన్న ఉలి కావాలి. ఇనుము పాయనం కూడా చూసుకోవాలి. మరీ గట్టిదైతే అంచు పెళుసుగా ఎగిరిపోతుంది, మరీ మెత్తదైతే మడతపడుతుంది. ఆకురాయితో గీసి చూస్తే కొంత తెలుస్తుంది. రాయి పట్టు లేకుండా జారిపోతే ఇనుము బాగా గట్టిది, సులువుగా కొరికేస్తే మెత్తది. కొట్టిన ముక్క బయటికి పోయే దారి ఉందో లేదో చూడటం మరవకూడదు. ముక్కలు లోపలే కూరుకుపోతే ఉలి పగులుతుంది.

పదును పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. గుండ్రటి ఉలిని సానరాయి మీద ఒకే వాలులో పెట్టి, వేళ్ల మధ్య తిప్పుతూ లాగాలి. తిప్పడం ఆగితే అంచు ఒక పక్క అరిగి బెజ్జం వంకర పోతుంది. బయట రాశాక అంచు లోపలికి సన్నటి ఇనుప పొర తిరుగుతుంది. సన్న గరుకు కాగితాన్ని పుల్లకు చుట్టి ఆ పొరను తీసేయాలి. చివరగా తోలుముక్క మీద రాస్తే అంచు మెరుగెక్కుతుంది. కరెంటు సానచక్రం పనిని తొందరగా తెముల్చుతుంది కానీ దానితో ప్రమాదం ఉంది. ఇనుము వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే పాయనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. అందుకే పక్కనే నీళ్ల గిన్నె పెట్టుకుని మాటిమాటికీ ముంచుతూ ఉండాలి. విరిగిన అంచును సరిచేయడానికే చక్రం వాడి, రోజువారీ పదును రాయి మీద పెట్టుకోవడం మంచిది.

ఉలి ఎంతకాలం ఉంటుందన్నది దాని కింద ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. మాంసం కొట్టే చింతమొద్దు అందరికీ తెలుసు. అలాంటి అడ్డంగా కోసిన మొద్దు మీద తోలు పరిస్తే అంచు కట్టె నారల మధ్యకు దిగి దెబ్బతినదు. బండ మీద పెడితే ఒక్క దెబ్బకే మొన పోతుంది. కొట్టడానికి ఇనుప సుత్తి కన్నా కట్టె సుత్తి మేలు. ఇనుప సుత్తితో ఉలి తల విచ్చుకుని, అంచులు రేకులై ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉంది. తల విచ్చుకున్న ఉలిని ఆకురాయితో సరిచేశాకే మళ్లీ పట్టాలి. మొనకు కాస్త మైనం రాస్తే తోలులో ఇరుక్కోదు.

మాది వానలు తక్కువగా పడే నేల, గాలి పొడిగా ఉంటుంది. అయినా ఉలికి తుప్పు తప్పదు. చెడిపోకుండా ఉండాలని పచ్చితోలుకు ఉప్పు పట్టిస్తారు. ఆ ఉప్పుతడి గీకే కత్తినీ ఉలినీ తినేస్తుంది. సాయంత్రం పని ముగియగానే తుడిచి, చుక్క నూనె రాసి, ఒక్కో ఉలినీ గుడ్డలో విడివిడిగా చుట్టి పెట్టుకోవాలి. ఒకదానికొకటి తగిలితే మొనలు పోతాయి.

ఈ పని నేర్పించే శిక్షణల్లో గీత, రంగు, బొమ్మ కొలతలకు చోటు ఉంటోంది. ఇంటిపనిలో అయితే పిల్లలు పెద్దల చేయి చూసి పదును పెట్టడం నేర్చుకుంటారు. బయటి నుంచి వచ్చిన వాళ్లకూ, ఇంటి పని వదిలి చదువులకు వెళ్లి తిరిగొచ్చిన పిల్లలకూ ఆ అవకాశం లేదు. అందుకని శిక్షణ ఉలితో మొదలవ్వాలి. మొదటి వారం బొమ్మ గీయించక్కర్లేదు. ఒక మొద్దు ఉలి ఇచ్చి, పీచు లేకుండా బెజ్జం పడేదాకా సాన పట్టించాలి. పాత ఇళ్లలో ఉన్న ఉలుల ఆకారాలు, కొలతలు, అవి ఏ నగకు, ఏ అంచుకు వాడినవో రాయించి ఊళ్లోనే భద్రపరచాలి. గుర్తింపు పత్రం బొమ్మకు ఉంది. ఆ గుర్తింపు నిలవాలంటే తర్వాతి తరానికి ఉలి పదును పెట్టడం రావాలి.